'డిడ్' అనాల్సిన చోట 'వాజ్ డూయింగ్' ఎందుకు వస్తోంది?

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెప్తాను. గాజువాకలో డిగ్రీ పూర్తి చేసిన ఒక కుర్రాడు ఋషికొండ ఐటీ హిల్స్‌లో ఒక కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్లాడు. అక్కడ 'ఐ వాజ్ డూయింగ్ మై డిగ్రీ ఫ్రమ్ 2020 టు 2023' అన్నాడు. ఎదురుగా ఉన్న మేడమ్ 'యూ మీన్, యూ డిడ్ యువర్ డిగ్రీ' అని దిద్దారు. కోచింగ్ నోట్సులో చూస్తే 'గతంలో చాలాసేపు జరిగిన పనికి పాస్ట్ కంటిన్యువస్' అని ఉంది. మూడేళ్లు చాలాకాలమే కదా, మరి తప్పెలా అయింది? వెన్ వస్తే ఏది వాడాలి, వైల్ వస్తే ఏది? రిజల్ట్ కనుక్కోవడానికి హెచ్ఆర్‌కి మెయిల్ ఎలా రాయాలి? ఇవీ ఆయన అడిగినవి.

నేను విశాఖపట్నం ద్వారకానగర్‌లో చాలాకాలంగా స్పోకెన్ ఇంగ్లిష్, పోటీ పరీక్షల గ్రామర్ చెప్తున్నాను. ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఏదో ఒక రూపంలో వస్తుంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మేడమ్ దిద్దింది సరైనదే. మీ నోట్సులో ఉన్న ఆ 'చాలాసేపు' అనే మాటే అసలు గొడవ. పాస్ట్ కంటిన్యువస్‌కీ (కొన్ని పుస్తకాల్లో పాస్ట్ ప్రోగ్రెసివ్ అంటారు, రెండూ ఒకటే) పని ఎంతసేపు జరిగిందన్న దానికీ సంబంధం లేదు. ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరైన్ సంగతి తీసుకోండి. 1969 లో నేవీలో చేరింది, 2001 లో సర్వీసు నుంచి తప్పుకుంది. ఆ 31 ఏళ్ల గురించి ఇంగ్లిష్‌లో చెప్పాలంటే 'ఇట్ సర్వ్డ్ ద నేవీ ఫర్ 31 ఇయర్స్' అంటాం. 'వాజ్ సర్వింగ్ ఫర్ 31 ఇయర్స్' అనం. ముప్ఫై ఒక్క ఏళ్లకే సింపుల్ పాస్ట్ (డిడ్, సర్వ్డ్ లాంటి రూపం) సరిపోయినప్పుడు మీ మూడేళ్ల డిగ్రీకి ఎందుకు సరిపోదు?

మరి లెక్క దేనితో? పని మొత్తాన్ని, మొదలూ చివరా కలిపి ఒక ముక్కగా చెప్తున్నామా, లేక పని నడుస్తూ ఉన్న ఒక క్షణంలోకి వినేవాణ్ని తీసుకెళ్తున్నామా అన్నదానితో. మొదటిదైతే సింపుల్ పాస్ట్, రెండోదైతే వాజ్ గానీ వర్ గానీ పెట్టి ఇంగ్ రూపం. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఓడ హార్బర్ లోపలికి రావడం మీరు చూసే ఉంటారు. 'ద షిప్ వాజ్ ఎంటరింగ్ ద హార్బర్' అంటే ఓడ ఇంకా ఛానెల్‌లో ఉంది, సగం బయట సగం లోపల. ఆ తర్వాత వచ్చిందో, ఆగిపోయిందో, వెనక్కి తిరిగిందో ఆ వాక్యం చెప్పదు. 'ద షిప్ ఎంటర్డ్ ద హార్బర్' అంటే వచ్చేసింది, అయిపోయింది.

ఈ తేడా కొన్ని క్రియల దగ్గర ప్రాణం పోయేంత పెద్దది. నిజంగానే. 'హి వాజ్ డ్రౌనింగ్' అంటే మనిషి మునిగిపోతున్నాడు, లైఫ్‌గార్డులు అందుకుంటే బతుకుతాడు. 'హి డ్రౌన్డ్' అంటే చనిపోయాడు. బీచ్‌లో జరిగిన సంఘటన గురించి రాస్తూ మొదటి దాని బదులు రెండోది రాస్తే బతికున్న మనిషిని చంపేసినట్టే.

ఇప్పుడు మీ వాక్యానికి వద్దాం. 'ఐ వాజ్ డూయింగ్ మై డిగ్రీ ఫ్రమ్ 2020 టు 2023' అనగానే వినేవాళ్లు మిమ్మల్ని చదువు మధ్యలో నిలబెట్టి, 'ఊఁ, తర్వాత?' అని ఎదురుచూస్తారు. పూర్తయిందా, మధ్యలో మానేశారా అన్న అనుమానం కూడా వస్తుంది. మీకు సర్టిఫికెట్ ఉంది, కోర్సు ముగిసింది. కాబట్టి 'ఐ డిడ్ మై డిగ్రీ ఇన్ గాజువాక, ఫ్రమ్ 2020 టు 2023'. అదే ఆ మూడేళ్ల లోపల ఇంకేదైనా జరిగిందని చెప్పదలచుకుంటే మీ 'వాజ్ డూయింగ్'కి చోటు దొరుకుతుంది. 'వైల్ ఐ వాజ్ డూయింగ్ మై డిగ్రీ, ఐ వర్క్డ్ పార్ట్‌టైమ్ ఇన్ ఎ మెడికల్ షాప్.' ఇది చక్కటి వాక్యం. ఇంటర్వ్యూలో మార్కులు తెచ్చే వాక్యం కూడా.

టైమ్ చెప్పినప్పుడు ఈ తేడా ఇంకా తేలిగ్గా పట్టుబడుతుంది. 'ఎట్ ఎయిట్ ఓ క్లాక్ వీ హ్యాడ్ డిన్నర్' అంటే ఎనిమిదింటికి కంచాల ముందు కూర్చున్నాం. 'ఎట్ ఎయిట్ ఓ క్లాక్ వీ వర్ హేవింగ్ డిన్నర్' అంటే ఎనిమిదయ్యేసరికే తింటున్నాం, మొదలుపెట్టింది అంతకుముందే. పోలీసు స్టేట్‌మెంట్‌లోనూ, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ ఇలాంటి తేడాకి విలువ ఉంటుంది. 'ద లారీ వాజ్ ఓవర్‌టేకింగ్ ద బస్ వెన్ ఇట్ హిట్ మీ' అంటే ఓవర్‌టేక్ చేస్తూ గుద్దింది. 'ద లారీ ఓవర్‌టుక్ ద బస్ అండ్ హిట్ మీ' అంటే బస్సును దాటేశాక గుద్దింది. తప్పు ఎవరిదో తేల్చేటప్పుడు ఈ రెండూ ఒకటి కావు.

అయితే మనవాళ్లకి ఈ టెన్స్ ఇంతగా ఎందుకు జారుతుంది? నా అనుభవంలో కారణం ఇంగ్లిష్‌లో కన్నా తెలుగులోనే ఎక్కువ ఉంది. 'ఇప్పుడు ఇంట్లో ఉన్నాను' అంటాం, 'నిన్నంతా ఇంట్లోనే ఉన్నాను' అని కూడా అంటాం. అదే 'ఉన్నాను' నేటికీ నిన్నటికీ సరిపోతుంది. 'తింటున్నాను', 'చదువుతున్నాను' లాంటివన్నీ ఆ ఉన్నాను మీదే నిలబడ్డాయి కాబట్టి వాటికీ అదే గుణం వచ్చింది. 'నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను తింటున్నాను' అన్నది తెలుగులో పూర్తిగా సరైన వాక్యం. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లోకి దించితే 'వెన్ యూ కాల్డ్, ఐ యామ్ ఈటింగ్' అవుతుంది. మద్దిలపాలెం నుంచి మధురవాడ దాకా రోజూ వినపడే తప్పు ఇది. ఇంగ్లిష్‌కి నేటి 'ఉన్నాను' వేరు, నిన్నటి 'ఉన్నాను' వేరు. ఫోన్ వచ్చింది నిన్నయితే తినడమూ నిన్నే కదా, అందుకే 'ఐ వాజ్ ఈటింగ్'.

ఇంకో జారుడు దీనికి ఎదురు దిక్కులో ఉంటుంది. 'చిన్నప్పుడు ప్రతి ఆదివారం భీమిలి వెళ్లేవాళ్లం.' దీన్ని చాలామంది 'ఎవ్రీ సండే వీ వర్ గోయింగ్ టు భీమిలి' అంటారు. ఇక్కడ ఒక ప్రయాణం నడుస్తూ లేదు, ఒక అలవాటు ఉంది. అలవాటుకి 'వీ యూస్డ్ టు గో', లేదా 'వీ వుడ్ గో', అదీ కాకపోతే ఉత్త 'వీ వెంట్ టు భీమిలి ఎవ్రీ సండే' చాలు. మూడోది మరీ సాదాగా ఉందని వదిలేస్తారు కానీ మాట్లాడేటప్పుడు ఎక్కువ పనికొచ్చేది అదే.

అందుకే మా క్లాసులో నేను ఇంగ్లిష్ రూల్ కంటే ముందు తెలుగు పరీక్ష పెడతాను. మీరు చెప్పదలచుకున్నది తెలుగులో 'చేస్తుండగా', 'వెళ్తుండగా' అనే రూపంలోకి ఇబ్బంది లేకుండా మారుతుందా? అయితే వాజ్, వర్ పక్కన ఇంగ్ వస్తుంది. 'చేసేవాణ్ని', 'వెళ్లేవాళ్లం' అనే రూపంలోకి మారుతుందా? అయితే యూస్డ్ టు గానీ సింపుల్ పాస్ట్ గానీ. 'చేశాను', 'వెళ్లాం' దగ్గరే ఆగుతుందా? సింపుల్ పాస్ట్. పేపర్లో రోజూ చూస్తాం కదా, 'బైక్‌పై వెళ్తుండగా వెనుక నుంచి వచ్చిన లారీ ఢీకొట్టింది' అని. ఇంగ్లిష్‌లో పాస్ట్ కంటిన్యువస్ అచ్చంగా చేసే పని అదే. 'హి వాజ్ రైడింగ్ హోమ్ వెన్ ఎ లారీ హిట్ హిమ్ ఫ్రమ్ బిహైండ్.' ఈ పరీక్ష నూటికి నూరుపాళ్లు పనిచేస్తుందని అనను గానీ, పరీక్ష హాల్లో అరనిమిషంలో తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచిది నాకు కనపడలేదు.

అలవాటు దగ్గర ఒక మినహాయింపు ఉంది, పరీక్షల్లో అడుగుతారు కూడా. విసుగో, ముచ్చటో కలిపి చెప్పేటప్పుడు ఆల్వేస్ పక్కన ఇంగ్ రూపం వస్తుంది. 'మై రూమ్మేట్ వాజ్ ఆల్వేస్ బారోయింగ్ మై హెల్మెట్.' అంటే ఎప్పుడు చూడు నా హెల్మెట్ పట్టుకుపోతూనే ఉండేవాడు అని. 'ఆల్వేస్ బారోడ్' అన్నా తప్పు కాదు, కానీ ఆ విసుగు వినపడదు.

వెన్, వైల్ సంగతి. 'వెన్ పక్కన సింపుల్ పాస్ట్, వైల్ పక్కన కంటిన్యువస్' అని కోచింగుల్లో బట్టీ పట్టిస్తారు. ఖాళీలు నింపే ప్రశ్నల్లో చాలాసార్లు గట్టెక్కిస్తుంది, సరే. కానీ దాన్నే నమ్ముకుంటే మాట్లాడేటప్పుడు బోల్తా పడతారు. ఈ మూడు వాక్యాలు చూడండి. 'వెన్ ద పవర్ వెంట్, ఐ వాజ్ ఐరనింగ్ మై షర్ట్.' కరెంటు పోయేసరికి ఇస్త్రీ సగంలో ఉంది. 'వెన్ ద పవర్ వెంట్, ఐ లిట్ ఎ క్యాండిల్.' కరెంటు పోయాక కొవ్వొత్తి వెలిగించాను. 'వెన్ ఐ వాజ్ స్టడీయింగ్ ఎట్ ఆంధ్రా యూనివర్సిటీ, ఐ లివ్డ్ ఇన్ పెదవాల్తేరు.' ఇక్కడ వెన్ పక్కనే కంటిన్యువస్ వచ్చింది, అయినా సరైనదే. చూశారా, వెన్ అన్న మాట ఏదీ నిర్ణయించడం లేదు. ఒకటి రెండోదాని లోపల జరిగిందా, ఒకదాని తర్వాత ఒకటి జరిగిందా అన్నదే నిర్ణయిస్తోంది. లోపల జరిగితే, వెడల్పుగా పరుచుకున్న పనికి ఇంగ్. వరసగా జరిగితే రెంటికీ సింపుల్ పాస్ట్. రెండు పనులూ పక్కపక్కనే సాగుతుంటే రెంటికీ ఇంగ్ పెట్టొచ్చు, 'అమ్మ వాజ్ కటింగ్ వెజిటబుల్స్ వైల్ ఐ వాజ్ గ్రేటింగ్ కోకోనట్' లాగా.

ఇక కథ చెప్పేటప్పుడు, ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష) స్పీకింగ్‌లో 'మీకు బాగా గుర్తున్న రోజు గురించి చెప్పండి' అన్నప్పుడు ఈ టెన్స్ నిజంగా మెరుస్తుంది. మన ఊరివాళ్లలో చాలామంది హుద్‌హుద్ తుఫాను గురించే చెప్తారు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. చాలామంది 'విండ్ బ్లూ, ట్రీస్ ఫెల్, పవర్ వెంట్, వీ సాట్ ఇన్ ద హాల్' అని గబగబా పూసలు గుచ్చేస్తారు. తప్పేమీ లేదు, కానీ అది తుఫానులా లేదు, రిపోర్టులా ఉంది. అదే ఇలా చెప్తే ఎలా ఉంటుందో చూడండి. 'ద విండ్ వాజ్ హౌలింగ్. ట్రీస్ వర్ ఫాలింగ్ ఆల్ అలాంగ్ అవర్ స్ట్రీట్. వీ వర్ ఆల్ సిట్టింగ్ ఇన్ ద మిడిల్ రూమ్, అండ్ మై గ్రాండ్‌మదర్ వాజ్ ప్రేయింగ్. దెన్ ద కిచెన్ విండో బ్రోక్.' మొదటి మూడు వాక్యాలూ వినేవాణ్ని ఆ గదిలో కూర్చోబెట్టాయి. అద్దం పగలడం మాత్రం సింపుల్ పాస్ట్‌లో వచ్చింది. కథ అక్కడ కదిలింది. వాతావరణానికి, చుట్టుపక్కల జరుగుతున్నదానికి ఇంగ్ రూపం. కథను ముందుకు తోసే పనికి సింపుల్ పాస్ట్. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, కథంతా వాజ్, వర్‌లతోనే నింపేస్తే ఏదీ జరగదు, అందరూ ఏదో చేస్తూనే ఉండిపోతారు. కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో మా బ్యాచ్‌లో సగం మంది ఆ పనే చేస్తారు.

రోడ్డు పనులు, కట్టడాల గురించి చెప్పేటప్పుడు బీయింగ్ మర్చిపోకండి. 'ద రోడ్ వాజ్ వైడెనింగ్' అనకూడదు, రోడ్డు తనంతట తాను వెడల్పవుతున్నట్టు ఉంటుంది. 'ద రోడ్ వాజ్ బీయింగ్ వైడెన్డ్.' ఎన్ఏడీ జంక్షన్‌లో ఫ్లైఓవర్ కట్టిన రోజుల ట్రాఫిక్ గురించి చెప్పాలన్నా అంతే, 'వాజ్ బీయింగ్ బిల్ట్'.

ఇప్పుడు ఇంగ్ అసలు పెట్టకూడని చోటు. 'వీ వర్ హేవింగ్ టూ హౌసెస్ ఇన్ మధురవాడ', 'ఐ వాజ్ నోయింగ్ హిమ్ ఫ్రమ్ చైల్డ్‌హుడ్', 'దిస్ సైట్ వాజ్ బిలాంగింగ్ టు మై అంకుల్'. ఇండియన్ ఇంగ్లిష్ అని నవ్వుకునేవి ఇవే. నవ్వుకోవడం నాకు నచ్చదు, కానీ ఇంటర్వ్యూలో చెవికి తగిలే మాట నిజం. ఉండటం, తెలియడం, నమ్మడం, సొంతమవడం, కావాలనుకోవడం లాంటివి పనులు కావు, స్థితులు. సగంలో ఆపగలమా అని అడిగి చూడండి. అన్నం తినడం సగంలో ఆపొచ్చు, ఇల్లు ఉండటాన్ని సగంలో ఆపలేం. అందుకే 'వీ హ్యాడ్ టూ హౌసెస్', 'ఐ న్యూ హిమ్', 'బిలాంగ్డ్'. అదే హ్యావ్ 'తినడం' అనే అర్థంలో వస్తే 'వీ వర్ హేవింగ్ లంచ్' అనొచ్చు, ఎందుకంటే అప్పుడది పని. థింక్ కూడా అంతే. అభిప్రాయమైతే 'ఐ థాట్ ఇట్ వాజ్ కాస్ట్‌లీ', ఆలోచిస్తూ ఉంటే 'ఐ వాజ్ థింకింగ్ అబౌట్ ద ఆఫర్'.

మీ ప్రశ్నలో లేదు గానీ, ఇంటర్వ్యూలకి వెళ్తున్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. 'ఐ వాజ్ కంప్లీటెడ్ మై డిగ్రీ', 'ఐ వాజ్ వెంట్ టు హైదరాబాద్'. వాజ్ అంటే గతం అనే ముద్ర అనుకుని ప్రతి క్రియ ముందూ కొడుతుంటారు. వాజ్ పక్కన క్రియ ఇంగ్ లేకుండా కంప్లీటెడ్ లాంటి రూపంలో వస్తే సాధారణంగా అది పాసివ్ (పని మన మీద జరిగినట్టు చెప్పే రూపం) అవుతుంది. అంటే డిగ్రీ మిమ్మల్ని పూర్తి చేసిందా అన్నట్టు వినపడుతుంది. 'ఐ కంప్లీటెడ్', 'ఐ వెంట్', అంతే. స్పెల్లింగులు, వాజ్ ఎవరికి వర్ ఎవరికి అన్నవి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. ఒకే ఒక్కటి: యూ అన్నది ఒక మనిషినే ఉద్దేశించినా వర్ మాత్రమే.

మాట్లాడేటప్పుడు వాజ్‌ను నొక్కి పలకకండి. ఇంగ్లిష్ వాళ్లు దాన్ని దాదాపు మింగేసి, తర్వాత వచ్చే క్రియ మీద బరువు వేస్తారు. మన పిల్లలు 'ఐ వాఆజ్ గోయింగ్' అంటుంటే వినేవాళ్లకి 'కాదు, నిజంగానే వెళ్తున్నాను' అని వాదిస్తున్నట్టు ఉంటుంది.

ఆగిపోయిన ప్లాన్లకీ ఇదే రూపం. 'వీ వర్ లీవింగ్ ఫర్ అరకు ద నెక్స్ట్ మార్నింగ్, బట్ మై ఫాదర్ గాట్ ఫీవర్.' మర్నాడు బయల్దేరాలి, ఏర్పాట్లయ్యాయి, కుదరలేదు. 'ఐ వాజ్ గోయింగ్ టు కాల్ యూ' అంటే కూడా 'చేద్దామనే అనుకున్నాను' అని, చేయలేదన్న మాట అందులోనే ఉంది.

ఎవరో చెప్పిన కబురు తేలిగ్గా అందించేటప్పుడూ వస్తుంది. 'మీ అక్క చెప్తోంది, పీఎం పాలెంలో ఫ్లాట్ కొన్నారంట కదా' అని మనం అంటాం. ఇంగ్లిష్‌లో అదే ధోరణిలో 'యువర్ సిస్టర్ వాజ్ టెల్లింగ్ మీ యూ బాట్ ఎ ఫ్లాట్' అంటారు. 'టోల్డ్' అంటే కాస్త సీరియస్‌గా, సాక్ష్యం చెప్పినట్టు ఉంటుంది.

చివరిగా మీ మెయిల్. హెచ్ఆర్‌కి 'వాట్ ఈజ్ మై రిజల్ట్? ప్లీజ్ టెల్' అని రాయకండి. ఇంగ్లిష్‌లో మర్యాదగా అడగడానికి ఒక చిత్రమైన అలవాటు ఉంది. ఇప్పుడు అడుగుతున్నదాన్నే, ఏదో అప్పుడెప్పుడో అనుకుంటున్నట్టు గతంలోకి జరిపేస్తారు. అవతలివాళ్ల మీద ఒత్తిడి తగ్గుతుంది, కాదనడానికీ వీలుంటుంది. మనం 'కనుక్కుందామనీ...' అని సాగదీసి ఆపేస్తామే, ఇంచుమించు అలాంటిదే. వండర్, హోప్ అనే రెండు క్రియలు దీనికి బాగా నప్పుతాయి. ఇలా రాయండి:

'డియర్ మేడమ్, ఐ అటెండెడ్ ద ఇంటర్వ్యూ ఆన్ మండే. ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ దేర్ వాజ్ ఎనీ అప్‌డేట్. థ్యాంక్యూ ఫర్ యువర్ టైమ్.'

ఇందులో అటెండెడ్ దగ్గర 'వాజ్ అటెండింగ్' అని మాత్రం మార్చకండి. ఆ ఇంటర్వ్యూ అయిపోయింది.